సంఘంలో ఒకరు కంతు కట్టలేకపోతే మిగతా తొమ్మిది మందీ కట్టాలా?

సన్నజాజి (ప్రకాశం జిల్లా) – సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది పది మంది ఉన్న పొదుపు సంఘం. పదిహేనేళ్లుగా నడుస్తోంది. నేను రెండో లీడరును. ఊరి పేరు చెప్పను, చెబితే ఆమె ఎవరో తెలిసిపోతుంది.

బ్యాంకు నుంచి 10 లక్షలు తీసుకున్నాం, తలకు లక్ష. 36 కంతులు. ఒక్కొక్కరి వంతు నెలకు 3,300. పద్నాలుగు నెలలు ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు. ఆ తర్వాత మా సభ్యురాలి భర్త, తాపీ మేస్త్రీ, పని చేస్తూ రెండో అంతస్తు నుంచి పడ్డాడు. వెన్నుపూస దెబ్బతింది. మంచం మీదనే ఉన్నాడు. ఆ నెల నుంచి ఆమె కట్టలేదు. మొదటి రెండు నెలలు సంఘం పొదుపులోంచి సర్దాం. తర్వాతి రెండు నెలలు తొమ్మిది మందిమి తలకు 367 చొప్పున వేసుకున్నాం. ఇప్పటికి 13,200 అయింది. ఇంకా 18 కంతులున్నాయి.

ఇంతవరకు ఎవరూ గొణగలేదు. పోయిన వారం రెండు సంగతులు తెలిశాయి. తీసుకున్న లక్షలో 60 వేలు ఆమె అప్పుడే తన ఆడపడుచు కూతురి పెళ్లికి ఇచ్చిందట. రెండోది, ప్రతి బుధవారం వారాల ఫైనాన్సుకు 850 తప్పకుండా కడుతోంది. నెలకు లెక్కవేస్తే అది మా కంతు కంటే ఎక్కువ. మా ముందు కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి వాళ్లకు మాత్రం ఒక్క వారం తప్పలేదు.

శుక్రవారం సమావేశం ఉంది. ఇక మేం కట్టం అని ముగ్గురు తెగేసి చెప్పారు. నాకు కోపంగానే ఉంది. కానీ ఆ ఇంటికి వెళ్లి మంచం మీద ఆయన్ను చూసి వచ్చిన రోజు ఆ కోపం నిలవడం లేదు. ఏం చేయమంటారు?

టిఫిన్ బండి – సోమవారం, రాత్రి 10.15

అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ నా మాట కటువుగానే ఉంటుంది. అప్పు తీసుకున్నది ఆమె, దాన్ని వేరొకరి పెళ్లికి ఇచ్చిందీ ఆమె. ఆ రోజు మిమ్మల్ని అడిగిందా? లేదు. మరి ఈ రోజు మీ పిల్లల పాల డబ్బులు ఆమె ఆడపడుచు కూతురి పెళ్లి భోజనాలకు ఎందుకు పోవాలి?

నా భర్త 2016లో పోయాడు. అప్పుడు సంఘంలో నాకు 40 వేల బాకీ ఉంది. పెద్దకర్మ అయిన మర్నాడు బండి తీశాను. ఒక్క కంతు తప్పలేదు. నా వంతు ఎవరూ కట్టలేదు. కష్టం అందరికీ వస్తుంది. కష్టం వచ్చింది కదా అని బాధ్యత పోదు.

పాత క్యాషియర్ – సోమవారం, రాత్రి 11.05

నేను గ్రామీణ శాఖల్లో ముప్పై ఏళ్లు పనిచేసి విరమించాను. ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. “ఇక మేం కట్టం” అనే దారి మీకు నిజానికి లేదు. అప్పు పత్రాల మీద పది మందీ సంతకం చేసేటప్పుడు ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులమని ఒప్పుకున్నారు. బ్యాంకు ఎవరినైనా మొత్తం అడగవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. దానితో పాటు మరో రెండు మాటలూ అందులో ఉన్నాయి. ఒకరి బదులు కట్టినవారు ఆ వంతును ఆమె నుంచి రాబట్టుకోవచ్చు. ఆమె ఇచ్చుకోలేకపోతే ఆ నష్టాన్ని మిగతావారు సమానంగా భరించాలి. నూట యాభై ఏళ్ల కిందటి చట్టానికి కూడా మీ సమావేశంలో వచ్చిన ప్రశ్న తెలుసు.

కంతు 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయిల్లోకి వెళుతుంది. అప్పుడు సక్రమంగా కట్టిన తొమ్మిది మందికీ తర్వాతి అప్పు చిక్కుల్లో పడుతుంది. కాబట్టి బ్యాంకుకు కట్టడం ఆపకండి. మీరు తేల్చుకోవలసింది మీలో మీరు పెట్టుకునే లెక్క. మీరు ఇప్పటివరకు వేసిన 13,200 దానమా, ఆమెకు అప్పా? పుస్తకంలో ఎక్కడైనా రాశారా?

సన్నజాజి – మంగళవారం, ఉదయం 6.20

రాయలేదండీ. అందరం అనుకుని వేసేశాం. ఆమె ఆ రెండు సమావేశాలకూ రాలేదు. మేం వేశామని ఆమెకు ఎవరో చెప్పారు, మేం చెప్పలేదు.

వరంగల్ వాసి – మంగళవారం, ఉదయం 8.50

ఆ వారాల ఫైనాన్సు సంగతి చదివి ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను. 2010లో నేను ఇంటర్ చదువుతున్నాను. మా అమ్మ ఒక వారాల గ్రూపులో ఉండేది. ఐదుగురు ఆడవాళ్లు, ఒకరికొకరు జామీను. ఒక మంగళవారం ఒకామె కట్టలేకపోయింది. వసూలుకు వచ్చిన అబ్బాయి ఏమీ అనలేదు, కుర్చీలో కూర్చున్నాడు, అంతే. “ఆమె కట్టేదాకా మీరెవరూ వెళ్లకూడదు” అన్నాడు. పొయ్యి మీద కూర పెట్టి వచ్చినవాళ్లు, కూలికి వెళ్లవలసినవాళ్లు, అందరూ అక్కడే. మధ్యాహ్నం రెండయ్యేసరికి మా అమ్మ, ఇంకో ఇద్దరు లేచి ఆమె ఇంటికి వెళ్లి వంట గిన్నెలు బయటికి తెచ్చి పెట్టారు. మా అమ్మ చేతుల్లో ఇత్తడి బిందె ఉంది. నేను కళ్లారా చూశాను.

ఆ ఏడాది ఇలాంటి ఒత్తిడికి ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, వారం వారం వసూళ్లు ఆగాయి. మా గ్రూపామె బతికే ఉంది. కానీ మా అమ్మ ఇప్పటికీ ఆ వీధిలోంచి నడవదు. చుట్టు తిరిగి వెళుతుంది.

అందుకే చెబుతున్నాను అక్కా. ఆమె వాళ్లకు కడుతోందంటే మీకంటే వాళ్లంటే గౌరవమని కాదు. వాళ్లంటే భయం. భయం ఉన్నచోట ముందు కడతారు, దయ ఉన్నచోట తర్వాత చూసుకోవచ్చులే అనుకుంటారు. ఇది మీకు అన్యాయమే, కాదనను. కానీ దానికి మందు మీరు కూడా భయపెట్టడం కాకూడదు.

టిఫిన్ బండి – మంగళవారం, ఉదయం 11.30

గిన్నెలు తెచ్చి వీధిలో పెట్టమని నేను అనలేదు తల్లీ. అది పాపం. కానీ దయ చూపినవాళ్లే ఎప్పుడూ నష్టపోవాలా? భయపెట్టినవాడికి 850, కన్నీళ్లు తుడిచినవాళ్లకు సున్నా. ఇది న్యాయమని ఎవరైనా చెప్పగలరా?

వీఓఏగా పన్నెండేళ్లు – మంగళవారం, మధ్యాహ్నం 2.10

టిఫిన్ బండి వదినా, మీరు ఒంటరిగా మోసిన బరువు తక్కువది కాదు. ఒక్కటి అడగనా? 2016లో మీ సంఘాన్ని మీరు సాయం అడిగారా?

సన్నజాజి గారూ, మిమ్మల్నీ ఒకటి అడగాలి. నేను గ్రామ సంఘం సహాయకురాలిని (వీఓఏ), ముప్పై రెండు సంఘాల పుస్తకాలు రాస్తాను. అప్పు తీర్మానంలో ఆమె పేరు ఎదురుగా ఏ పనికని రాశారు? పాడి గేదె అని రాసి ఉంటారు. అవునా? ఆ గేదె వచ్చిందా అని తర్వాతి నెలలో ఎవరైనా అడిగారా? పంచసూత్రాలు అందరికీ నోటికి వస్తాయి: సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాలు రాయడం. వాటిలో మనం నిజంగా పట్టుకుని ఉన్నది చెల్లింపు ఒక్కటే. సమావేశం అంటే సంతకం పెట్టి వెళ్లిపోవడంగా మారింది.

మా అమ్మ నెల్లూరు జిల్లాలో తొలి రోజుల సభ్యురాలు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించిన తర్వాత ఆ ఊపులోనే రోజుకు ఒక రూపాయి పొదుపు మొదలైంది. అప్పట్లో బ్యాంకు మాటే ఎరగరు. పొద్దుపోయాక దీపం దగ్గర కూర్చుని ఎవరింట్లో ఏముందో మాట్లాడుకునేవారట. ఎవరి మగవాడు మళ్లీ తాగుతున్నాడో, ఎవరి బిడ్డకు జ్వరమో తెలిసిన తర్వాతే రూపాయలు లెక్కపెట్టేవారు. ఇప్పుడు లక్షలు లెక్కపెడుతున్నాం. ఆ మాటలు పోయాయి.

సన్నజాజి – మంగళవారం, రాత్రి 8.45

పాడి గేదె అనే రాశాం. మీరు అడిగారు కాబట్టి నిజం చెబుతాను. నా పేరు ఎదురుగా కూడా పాడి గేదె అనే ఉంది. నేను ఆ లక్ష మా అబ్బాయి కాలేజీకి కట్టాను. పది మందిలో గేదె కొన్నది ఇద్దరు. ఆమె పెళ్లికి ఇచ్చిందని ఈ వారం అంతా నేను అన్న మాటలు గుర్తొస్తున్నాయి.

టిఫిన్ బండి – మంగళవారం, రాత్రి 9.30

అడగలేదు. అడిగితే ఇస్తారని నాకు తెలియదు.

కువైట్ గది (స్వస్థలం రాయచోటి) – బుధవారం, తెల్లవారుజామున 1.15

ఆడవాళ్ల సంఘాల గురించి నాకు తెలియదు. మా గది లెక్క చెబుతాను, పనికొస్తే తీసుకోండి. ఒక గదిలో ఎనిమిది మందిమి ఉంటాం. ఎవరికైనా పని పోతే మూడు నెలలు అద్దె, తిండి అడగం. మూడు నెలలని ముందే చెబుతాం. ఆ మూడు నెలలూ అతను వంట చేస్తాడు, గది ఊడుస్తాడు. నాలుగో నెల కూర్చుని మాట్లాడుకుంటాం. పని దొరికాక పాత అద్దె కొద్దికొద్దిగా తిరిగి ఇస్తాడు.

ఒకప్పుడు ఈ గడువు లేదు. ఒకతను ఏడు నెలలు ఉన్నాడు. మేం పైకి ఏమీ అనలేదు కానీ ఐదో నెల నుంచి అతనితో మాట్లాడటం తగ్గింది. అన్నం పెడుతూనే ముఖం తిప్పుకునేవాళ్లం. అతను ఒక రాత్రి చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాతే గడువు పెట్టుకున్నాం. గడువు ఉంటే పెట్టేవాడికీ విసుగు రాదు, తినేవాడికీ తల వంగదు. నాకు కూడా 2020లో పని పోయింది. రెండున్నర నెలలు వంట చేశాను.

అర్థశాస్త్రం పంతులు – బుధవారం, ఉదయం 7.40

ఒక చిన్న సమాచారం. ఒకరికొకరు జామీను లేకపోతే ఎవరూ కట్టరని అందరం అనుకుంటాం. ఫిలిప్పీన్స్‌లో జేవియర్ జీనే, డీన్ కార్లాన్ అనే ఆర్థికవేత్తలు దీన్ని పరీక్షించారు. ఒక గ్రామీణ బ్యాంకు కొన్ని గ్రూపుల్లో ఉమ్మడి బాధ్యత తీసేసి, ఎవరి అప్పు వారిదే అని ప్రకటించింది. వారం వారం కలవడం మాత్రం కొనసాగింది. చెల్లింపులు తగ్గలేదు. అంటే మనుషుల చేత కట్టించేది పక్కవారి సంతకం ఒక్కటే కాదు. క్రమంగా కలుసుకోవడం, ఒకరి సంగతి ఒకరికి తెలియడం కూడా పనిచేస్తున్నాయేమో అని నా ఊహ. సన్నజాజి గారూ, ఆమె ఎన్ని సమావేశాలకు రాలేదు?

సన్నజాజి – బుధవారం, ఉదయం 8.05

నాలుగూ రాలేదండీ. మేమూ పిలవలేదు. ఎందుకు ఇబ్బంది పెట్టడం అనుకున్నాం.

కూకట్‌పల్లి నుంచి – బుధవారం, రాత్రి 10.50

ఈ చర్చ రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ ఉన్నాను. మీరు చెబుతున్న ఆమె లాంటిదాన్నే నేను.

మాది గుంటూరు వైపు. కౌలుకు రెండెకరాల మిర్చి వేశాం, తెగులు వచ్చి పోయింది. సంఘంలో 80 వేల బాకీ. మొదటి నెల కట్టలేనని లీడరు అక్కకు చెప్పాను. “సరేలే, మేం చూసుకుంటాం” అంది. అంత చల్లని మాట నా జీవితంలో వినలేదు. రెండో నెల వెళ్లబుద్ధి కాలేదు. మూడో నెల నీళ్ల ట్యాంకు దగ్గర ఒకామె నా వైపు చూసి పక్కామెతో ఏదో అంది. ఏమందో ఈ రోజుకీ తెలియదు. నా గురించే అనుకున్నాను. ఆ తర్వాత నీళ్లకు పొద్దున నాలుగింటికే వెళ్లడం మొదలుపెట్టాను. ఆరో నెలలో ఊరు వదిలి వచ్చేశాం. ఇక్కడ నాలుగు ఇళ్లలో పనిచేస్తాను. మూడేళ్లలో సంఘం బాకీ అంతా ఫోనులో పంపి తీర్చాను. ఒక్కరూ ఫోను చేసి “అందింది” అనలేదు. నేనూ చేయలేదు.

వాళ్లు మంచివాళ్లే. నా కోసం డబ్బు వేశారు. కానీ నా చేత ఆ నెల రెండు వందలైనా కట్టించి ఉంటే నేను సమావేశానికి వెళ్లేదాన్ని. ఆ రెండు వందలు పుస్తకంలో నా పేరు ఎదురుగా పడితే నేను ఇంకా ఆ సంఘం మనిషినే అనిపించేది. “మేం చూసుకుంటాం” అన్నప్పుడు నాకు అర్థమైంది ఏమిటంటే, ఇక నీతో పని లేదు అని. ఆమె అలా అనలేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియలేదు.

సన్నజాజి గారూ, ఆమెను పిలవండి. కోప్పడాలనుకుంటే ఎదురుగా కోప్పడండి. ఆమె లేనప్పుడు జాలిపడకండి.

పాత క్యాషియర్ – గురువారం, ఉదయం 9.15

పై మాటలు చదివాక నా ముప్పై ఏళ్లలో ఎన్ని ఖాతాలకు “మొండి బకాయి” ముద్ర వేశానో గుర్తుకొచ్చింది. ఆ అమ్మకు నా నమస్కారాలు.

సన్నజాజి గారూ, సమావేశానికి ముందు కొన్ని పనులు చూడండి. ఆమె భర్త బ్యాంకు పాస్‌బుక్ తెరిచి మే నెల చివర 20 రూపాయలు కోత పడిందేమో చూడండి. అది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. పూర్తి శాశ్వత వైకల్యానికి 2 లక్షలు, పాక్షికమైతే లక్ష. కబురు ఆలస్యమైనా సరే, వెంటనే శాఖలో అడగండి. ఆయన భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదై కార్డు ఉంటే ప్రమాద సాయానికి దరఖాస్తు వేరుగా ఉంటుంది. మంచానికే పరిమితమయ్యారంటున్నారు కాబట్టి సదరం (వైకల్య) ధ్రువపత్రానికి సమయం తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటివారికి 2024 నుంచి పింఛను నెలకు 15 వేలు. అది మంజూరైతే ఈ చర్చ సగం తీరిపోతుంది.

వారాల ఫైనాన్సు గురించి. 2010 ఆర్డినెన్సు తర్వాత వచ్చిన రాష్ట్ర చట్టం రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. కానీ 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఉన్నాయి. కుటుంబం అప్పుల కంతులన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటే పరిస్థితిలో కొత్తగా అప్పు ఇవ్వకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదు. వడ్డీ, గడువు చూసుకుని వాళ్లతో కూడా మాట్లాడవచ్చు. ఆమె ఒక్కతే వెళితే వినరు. మీరు నలుగురు వెంట వెళ్లండి.

టిఫిన్ బండి – గురువారం, మధ్యాహ్నం 3.00

నేను మొదటి రోజు అన్న మాట వెనక్కి తీసుకోను. బాధ్యత ఆమెదే. ఆడపడుచుకు ఇచ్చిన 60 వేలు అడిగి తీరాలి, ఆమె అడగలేకపోతే సంఘం అడగాలి. కానీ కూకట్‌పల్లి చెల్లీ, నీ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నేను పెద్దకర్మ మర్నాడే బండి తీసింది ధైర్యంతో అని పదేళ్లుగా చెప్పుకుంటున్నాను. ఎవరి ముందూ చేయి చాపకూడదని తీశాను. నా కూతురికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ పిల్ల ఉల్లిపాయలు తరిగేది. ఎవరైనా వచ్చి ఒక్క వారం బండి నేను చూస్తానని అంటే ఎంత బాగుండేది అని ఈ రోజు అనిపిస్తోంది.

సన్నజాజి – శనివారం, ఉదయం 7.30

నిన్న సమావేశం జరిగింది. గురువారం సాయంత్రమే నేనూ, లీడరు అక్కా వెళ్లి ఆమెను పిలిచాం. రానంది. “కోపంగా ఉన్నాం, వచ్చి సమాధానం చెప్పు” అన్నాను. వచ్చింది.

మొదటి అరగంట బాగోలేదు. గట్టిగా మాటలు పడ్డాయి. వారాల ఫైనాన్సు సంగతి అడిగితే, ఆ గ్రూపులో ఆమె తోడికోడలు, ఎదురింటామె ఉన్నారట. తను కట్టకపోతే వాళ్లను పనికి పోనివ్వరు. “వాళ్లు నా వల్ల కూర్చోవాలి, మీరైతే కూర్చోనక్కర్లేదు కదా” అంది. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత నేను లేచి నా గేదె సంగతి చెప్పాను. ఇంకో ఐదుగురు కూడా చెప్పారు.

తీర్మానం ఇలా రాశాం. ఆరు నెలల పాటు ఆమె నెలకు 500 కడుతుంది. మిగతా 2,800 సభ్యులు వేస్తారు. పాత 13,200తో కలిపి అది ఆమెకు వడ్డీ లేని అప్పు. ఏడో నెల మళ్లీ కూర్చుంటాం. నలుగురు వెళ్లి ఆడపడుచును అడిగి వచ్చారు. పొగాకు అమ్మాక పది వేలు ఇస్తానంది, మిగతాది మాట దాటేసింది. మళ్లీ వెళతాం. పాస్‌బుక్‌లో 20 రూపాయల కోత నిరుడు పడింది, ఈ ఏడాది ఖాతాలో డబ్బు లేక పడలేదు. ఆ బీమా లేదు. సదరానికి తేదీ దొరికింది.

మాలో ఒకామె మాత్రం ఒప్పుకోలేదు. నా 3,300 నేను కడతాను, అంతకు మించి రూపాయి ఇవ్వను అని వెళ్లిపోయింది. కాబట్టి ఎనిమిది మందికి తలకు 350 పడుతోంది. అదే పుస్తకంలో రాశాం. ఆమె మీద కొందరు చాలా కోపంగా ఉన్నారు.

టిఫిన్ బండి – శనివారం, ఉదయం 10.10

సన్నజాజమ్మా, ఆ వెళ్లిపోయిన ఆమెను ఎవరినీ ఏమీ అననివ్వకండి. ఎందుకు ఇవ్వనందో అడిగారా?

సన్నజాజి – శనివారం, ఉదయం 10.40

అడగలేదు అక్కా. సాయంత్రం పాలు పోయడానికి కేంద్రానికి వస్తుంది. అక్కడ కలుస్తాను.